సైరన్ మోగినా లేవద్దు

మా పాతబాయి కాలనీలో మధ్యాహ్నం సైరన్ మోగితే ఏ ఇంట్లోనూ మనిషి ఉండడు. పక్కనే నేలను పైనుంచి తవ్వుకొచ్చే ఓపెన్‌కాస్ట్ గనిలో బాంబులు పేల్చే ముందు మోగే సైరన్ అది. వినబడగానే పొయ్యి మీది గిన్నె దించాలి. గూట్లోని గాజు సామాను కింద పెట్టాలి. నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న మనిషిని లేపాలి. పిల్లల్ని చంకనేసుకుని బయట మైదానంలో నిలబడాలి. ఇదంతా ఎవరూ ఎవరికీ చెప్పరు, కాళ్లే లేచి వెళ్తాయి. కాసేపటికి నేల అదురుతుంది, గోడల పగుళ్లలోంచి సున్నం రాలుతుంది. రెండో సైరన్ మోగాక లోపలికెళ్లి గిన్నె మళ్లీ పొయ్యి మీద పెడతాం.

ఒకసారి మా చర్చిలో పెళ్లి జరుగుతోంది. పాస్టరు గారు వాగ్దానాలు చెప్పిస్తుండగా సైరన్ మోగింది. ఉంగరం తొడగాల్సిన పెళ్లికొడుకు ఉంగరం చేత్తో పట్టుకునే బయటికి నడిచాడు. వెనకే పాస్టరు గారు, ఆ వెనక మేమంతా. వరంగల్ నుంచి వచ్చిన ఆడపెళ్లివాళ్లు మాత్రం ఏదో గొడవైందనుకుని హడలిపోయారు. ఆ సంగతి చెప్పుకుని మేం చాలా ఏళ్లు నవ్వుకున్నాం. ఇప్పుడు ఎవరైనా గుర్తుచేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నా పేరు లిడియా. మిషన్ బడిలో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నోరు మంచిది కాదని కాలనీలో పేరుంది. ఆ పేరు నేను కష్టపడి సంపాదించుకున్నదే, పోగొట్టుకునే ఉద్దేశం లేదు.

మా నాన్న, పక్కింటి రాజన్న ఇద్దరూ ఇక్కడి పాత బాయిలో దిగినవాళ్లే. అది భూగర్భ గని. రాజన్న లోపల టింబర్ పని చేసేవాడు, అంటే బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. తర్వాత బాయి మూతపడింది, దాని పక్కన ఓపెన్‌కాస్ట్ వచ్చింది. రాజన్న రిటైరయ్యాడు. మొన్నటి దీపావళికి ముందు ఏడాది ఆయన రెండు కిడ్నీలూ చెడిపోయాయి. అప్పట్నుంచి వారానికి రెండుసార్లు గోదావరిఖని దవాఖానకు వెళ్లి రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఒక్కసారి తప్పితే కాళ్లు ఉబ్బేవి. రెండుసార్లు తప్పితే ఊపిరి ఆడదని డాక్టరు ముందే చెప్పాడు.

ఆయన్ని తీసుకెళ్లేది వీరేందర్. రాజన్న భార్య మల్లక్కకు చెల్లెలి కొడుకు, చిన్నప్పట్నుంచీ ఈమె దగ్గరే పెరిగాడు. ఆటో నడుపుతాడు. అతనూ, పెళ్లాం మమతా వీళ్లతోనే ఉంటారు.

దవాఖాన దూరం కాదు. మధ్యలో బుగ్గవాగు ఉంది, అదీ సమస్య. మా కాలనీకి మూడు వైపులా గనీ, గనిలోంచి తీసి పోసిన మట్టి గుట్టలూ. నాలుగో వైపు వాగు. దాని మీది కల్వర్టు రెండు వానాకాలాల కిందట కొట్టుకుపోయింది. భూమి కంపెనీది కాబట్టి కంపెనీయే కట్టాలని మున్సిపాలిటీ వాళ్లు, వాగు మున్సిపాలిటీది కాబట్టి వాళ్లే కట్టాలని కంపెనీ వాళ్లు. వాగు మాత్రం ఎవరినీ అడక్కుండా పారుతోంది. ఎండాకాలం, చలికాలం రాళ్ల మీదుగా ఆటో ఎలాగో దాటుతుంది. గట్టి వాన పడితే మేం కాలనీలోనే బందీలం.

అందుకే మా కొత్తగని మున్సిపాలిటీకి వచ్చిన కమిషనరు బడ్జెట్ గురించి ప్రజల్నే అడుగుతానన్నప్పుడు మల్లక్క ఆ మాటను గట్టిగా పట్టుకుంది. వచ్చే ఏడాది పట్టణం సొమ్ము ఎక్కడ ఖర్చుపెట్టాలో వార్డువార్డుకూ సభ పెట్టి తెలుసుకుంటారట. మైకు కట్టిన ఆటో వాగు అవతలే నిలబడి ఆ సంగతి చెప్పి పోయింది.

"లిడియమ్మా, నిజంగనే అడుగుతరా? అడిగి రాసుకుంటరా?" అంది మల్లక్క.

"రాసుకుంటరు. నువ్వు మంచిగ చెప్తే రాసుకుంటరు."

"నాకు మైకుల మాట్లాడొస్తదా?"

"నీళ్ల కాడ మాట్లాడినట్టు మాట్లాడు. మైకే నిన్ను చూసి భయపడ్తది."

వారం పాటు మా వరండాలో ఆమెతో సాధన చేయించాను. లోపల మంచం మీద నుంచి రాజన్న మధ్యమధ్యలో వెక్కిరించేవాడు. "గిదంత నాకోసమేనా? పెళ్లైనప్పటి సంది నాతోని గింత ముద్దుగ ఒక్కనాడన్న మాట్లాడినవా?" అనేవాడు. మల్లక్క నవ్వు ఆపుకోలేక మొదటికొచ్చేది.

సభ జనవరిలో, మా కాలనీ పాత క్లబ్బు హాల్లో జరిగింది. మా వార్డులో మా కాలనీతో పాటు వాగు అవతలి బజారు కూడా ఉంది. బజారు వాళ్లూ వచ్చారు. కమిషనరు కారు వాగులో చక్రాలు సరిగా తడవకుండానే దాటింది. దిగగానే ఆయన వెనక్కి తిరిగి ఆ సన్నటి నీటిపాయను చూశాడు. ఇంత నీళ్లకు వంతెనా అని ఆయన ముఖమే చెప్పింది. జనవరిలో సభ పెట్టి వాన కష్టం చెప్పమంటే ఎవరైనా ఏం చెబుతారు?

కుర్రాడు, మర్యాదస్తుడు. "ఈ బడ్జెట్ మీది. మేం రాసేవాళ్లం మాత్రమే" అన్నాడు. పక్కన మా కౌన్సిలర్ కొమురెల్లి కూర్చున్నాడు. కొమురెల్లి మా కాలనీలో పుట్టినవాడే, నా దగ్గర మూడో తరగతి చదివాడు. గెలిచాక బజారులో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయాడు.

మల్లక్క వంతు వచ్చింది. నేను నేర్పిందంతా మరిచిపోయింది.

"సారూ, మా ఆయన ముప్పై ఏండ్లు బాయిల దిగిండు. లోపల కప్పు కూలకుంట కట్టెలు నిలవెట్టిండు. ఎంతమంది పానాలు కాపాడిండో ఆయనకే ఎరుక లేదు. ఇప్పుడు ఆయన పానం దవాఖానల ఉన్నది. నడుమ వాగున్నది. వానకాలం వస్తే నేను ఆయన్ను ఎట్ల దాటించాలె? మాకు రోడ్లు వద్దు, లైట్లు వద్దు. గా వాగు మీద ఒక్క వంతెన కట్టుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

బజారు వాళ్లు కూడా తలలు దించుకున్నారు. కమిషనరు నిజంగానే రాసుకున్నాడు. ఆ తర్వాత బజారు తరఫున ఒకాయన లేచి, పట్టణం మొదట్లో స్వాగత తోరణం కావాలన్నాడు. పైన దీపాలు, దాని కింద టోపీ లైటు పెట్టుకున్న గని కార్మికుడి బొమ్మ. మన కార్మికులకు గౌరవంగా ఉంటుందట. చప్పట్లు కూడా పడ్డాయి.

వార్డుకు ఒక్క పెద్ద పనే వస్తుందని కమిషనరు చెప్పాడు. రెండింట్లో ఏది కావాలో చేతులెత్తి చెప్పమన్నాడు. నేను హాలంతా చూశాను. మా కాలనీ వాళ్లు బజారు వాళ్లకు రెండింతలున్నారు. మల్లక్క నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

అప్పుడు కొమురెల్లి, "సార్, అందరు పొద్దట్నుంచి కూసున్నరు. చాయ్ తాగినంక ఓటింగు వెట్టుకుందాం" అన్నాడు. చాయ్ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి. మున్సిపాలిటీ చాయ్ అంత తీరిగ్గా ఎప్పుడూ రాలేదు. కప్పులు తీసేసి, కమిషనరు మైకు అందుకోగానే సైరన్ మోగింది.

హాల్లో మా కాలనీ అంతా లేచింది. ఎవరూ ఆలోచించలేదు. ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకున్నారు, ముసలివాళ్లు కర్రలందుకున్నారు. మల్లక్క అందరికన్నా ముందు పరుగెత్తింది. ఇంట్లో రాజన్న ఒక్కడే మంచం మీద ఉన్నాడు మరి. ఆయన్ని బయటికి తేవాలంటే ఇద్దరు మనుషులు కావాలి, అందుకని నేనూ ఆమె వెనక పరుగెత్తాను. గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి చూశాను. కొమురెల్లి కుర్చీలోంచి సగం లేచి ఉన్నాడు. పాతబాయిలో పుట్టిన ఒళ్లు కదా, దానంతటదే లేచింది. నన్ను చూసి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని మళ్లీ కూర్చున్నాడు.

మంచం పట్టుకుని రాజన్నను మైదానంలోకి తెచ్చాం. నేల అదిరింది, దుమ్ము లేచింది. రెండో సైరన్ మోగాక ఆయన్ని లోపల పడుకోబెట్టి, చీర చెంగుతో ముఖం తుడుచుకుంటూ హాలుకు తిరిగొచ్చేసరికి బజారు వాళ్లు ఒకరికొకరు చేతులు కలుపుకుంటున్నారు.

"తోరణానికి తీర్మానం అయిపోయిందమ్మా" అన్నాడు కమిషనరు.

"మేం లేకుంట ఎట్ల చేస్తరు సార్?" అన్నాను.

"మీరే కదా సభ వదిలేసి వెళ్లిపోయారు. ఇష్టం లేక వెళ్తున్నారనుకున్నాను. వెళ్లేవాళ్లను నేనెలా ఆపగలను?"

"సైరన్ మోగింది సార్. బాంబులు పేలుస్తరు. మేం బయటికి రావాలె."

"మేమంతా ఇక్కడే కూర్చున్నాం కదా. కిటికీలు కొంచెం కదిలాయి, అంతే. ఏమీ కాలేదే."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే ఆయనకు తెలియదు. తెలిసినవాడు పక్కనే కూర్చుని చాయ్ కప్పు అడుగున ఏదో వెతుకుతున్నాడు. నాకు ఒళ్లు తెలియలేదు.

"కొమురెల్లీ, నువ్వు చెప్పు సారుకు. సైరన్ మోగితే మనం ఏం చేస్తమో చెప్పు. నువ్వు గూడ లేసినవు. నా కండ్లతోని చూసిన."

"నేనెక్కడ లేసిన టీచరమ్మా?" అన్నాడు తల ఎత్తకుండా. "సార్ పిలిస్తే అందరు వచ్చిండ్రు. నడుమల పోయెటోళ్లు పోయిండ్రు. నేనేం చెయ్యాలె?"

ఆ చాయ్ కావాలనే ఇప్పించాడా, లేక అది కలిసొచ్చిందా అన్నది నాకు నేటికీ తెలియదు. కావాలనే ఇప్పించాడని నా అనుమానం. రుజువు లేదు. కానీ రెండు ముక్కలు చెప్పగలిగి చెప్పలేదు, దానికి మాత్రం నేనే సాక్షిని.

వచ్చే ఏడాది మళ్లీ అడగండమ్మా అని కమిషనరు ఓదార్చాడు. మల్లక్క ఏడవలేదు. ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుంది.

"నన్ను మోసుకపోవుడుకు లేసినవ్, వంతెన పాయె" అన్నాడు రాజన్న. "నన్ను ఈన్నే ఉండనిస్తే ఏమైతుండె?"

"కప్పు మీదవడితే?"

"బాయిల పడంది గీ ఇంట్ల పడ్తదా? పిచ్చిదానా."

"నీకేమన్నైతే నేనెట్ల బతకాలె?" అంటూ అప్పుడు ఏడ్చింది. రాజన్న ఆమె తల మీద చెయ్యి వేసి, నా వైపు చూసి, "చూసినవా లిడియమ్మా, వంతెన లేకున్నా నామీద ప్రేమ, పావురం మస్తున్నది" అన్నాడు. నేను నవ్వలేక ఇంట్లోకి వెళ్లిపోయాను.

ఎండాకాలం ముగిసేలోపే తోరణం లేచింది. మున్సిపాలిటీ పని అంత చురుగ్గా జరగడం నేను చూడలేదు. పైన నీలం దీపాలు మిణుకుమిణుకుమంటాయి. బొమ్మ కార్మికుడు చేతిలో గొడ్డలితో మా గనుల్లో ఎవడూ నవ్వనంత అందంగా నవ్వుతూ ఉంటాడు. వీరేందర్ ఒకరోజు రాజన్నను ఆటోలో దాని కిందుగా తీసుకొస్తూ ఆపి చూపించాడట. "బొమ్మ బాగనే ఉన్నది గని, గట్ల గొడ్డలి వట్టుకుంటే చెయ్యి తెగుతది" అన్నాడట రాజన్న.

వానాకాలంలో గోదావరిఖనిలో గది అద్దెకు తీసుకుని ఆయన్ని అక్కడే ఉంచాలని మల్లక్క అనుకుంది. గది కూడా చూసొచ్చారు. కానీ ఆషాఢమంతా వానలు మొహం చాటేశాయి. వాన లేనప్పుడు ఉట్టి కిరాయి ఎందుకు, నా మంచం మీద నన్ను పండనియ్యిండ్రి అని రాజన్న మొండికేశాడు. శ్రావణంలో చూద్దామన్నారు. శ్రావణం రాగానే ఆకాశం చిల్లుపడ్డట్టు మొదలైంది. ఒక పొద్దు కాదు, ఒక రాత్రి కాదు, తెరిపి లేకుండా కురిసింది. వాగు మా బడి మెట్లదాకా వచ్చింది.

మొదటిసారి దవాఖాన తప్పింది. రాజన్న కాళ్లు దిమ్మల్లా ఉబ్బాయి. రెండోసారీ తప్పింది. తెల్లవారేసరికి పడుకోలేక, కూర్చోలేక, నోరు తెరిచి గాలి కోసం ఎగశ్వాస తీస్తున్నాడు. వీరేందర్ అంబులెన్సుకు ఫోను చేశాడు. మట్టి గుట్టల మీదుగా గని లారీలు తిరిగే బాట ఒకటుంది, అటు తీసుకెళ్దామని మగవాళ్లు పరుగెత్తి చూసొచ్చారు. బాట మోకాలిలోతు బురదై జారిపోయి ఉంది.

రాజన్నను మంచంతో సహా వాగు ఒడ్డుకు మోసుకెళ్లాం. పైన నీలం టార్పాలిన్ పట్టా కప్పి నలుగురు నాలుగు మూలలా పట్టుకున్నారు. అంబులెన్సు వచ్చింది. తోరణం కిందనుంచే వచ్చి అవతలి ఒడ్డున ఆగింది. డ్రైవరు దిగి చేతులూపాడు. మా అరుపులు అతనికి వినబడలేదు, అతని అరుపులు మాకు వినబడలేదు. మధ్యలో ఎర్రటి నీళ్లు చెట్లను దొర్లించుకుంటూ పోతున్నాయి. వీరేందర్ నడుముకు తాడు కట్టుకుని దిగాడు. నాలుగడుగులు వేయగానే నీళ్లు లాగేశాయి. తాడు పట్టుకున్నవాళ్లు బయటికి ఈడ్చారు. మళ్లీ దిగబోతే మమత కాళ్లకు చుట్టుకుంది.

రాజన్న కళ్లు తెరిచి అవతల తిరుగుతున్న దీపాన్ని చూశాడు.

"తోరణం ఈడిదాక వచ్చిందానే?" అన్నాడు.

"కాదయ్యా, అంబులెన్సు. నీకోసమే వచ్చింది. జెర ఓపిక వట్టు" అంది మల్లక్క.

"మంచిగున్నది లైటు" అన్నాడు. అదే ఆయన చివరి మాట. తర్వాత చాలాసేపు ఊపిరి కోసం పెనుగులాడాడు. మల్లక్క ఆయన ఛాతీ రుద్దుతూనే ఉంది. ఆగిపోయాక కూడా రుద్దింది. నేనే ఆమె చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. అవతల అంబులెన్సు దీపం ఇంకా కాసేపు తిరిగి ఆగిపోయింది. నా జీవితంలో చాలా చావులు చూశాను. కళ్లెదుట వైద్యం ఉండగా అందక పోయిన మనిషిని అదే మొదటిసారి చూడటం. దేవుడి మీద కూడా నాకు కోపం వచ్చింది, ఇంకా పూర్తిగా తగ్గలేదు.

కొమురెల్లి దినాల రోజున వచ్చి మల్లక్క ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె అతనికి కూడా అన్నం పెట్టించింది. నేనైతే పెట్టేదాన్ని కాను.

మళ్లీ జనవరి వచ్చింది, మళ్లీ మైకు ఆటో వచ్చింది. ఈసారి నేను ముందే మున్సిపాలిటీకి వెళ్లి, సైరన్ వేళకు ముందే సభ ముగించమని కమిషనరును బతిమాలాను. ఆయన సరేనన్నాడు. పొద్దున్నే పెట్టిస్తానన్నాడు. నేను నమ్మాను.

మల్లక్క మాత్రం ఎవరి మాటనూ నమ్మలేదు. ఇల్లిల్లూ తిరిగింది. "సైరన్ మోగినా లేవద్దు. లెక్కవెట్టేదాక చెయ్యి దించద్దు" అని ఒక్కొక్కరి దగ్గరా మాట తీసుకుంది.

"గా హాలు కప్పు చూసినవా మల్లక్కా? ఇనుప కడ్డీలు బయటికొచ్చినయి. గని గూడ మస్తు దగ్గరికొచ్చె. మీదవడితే?" అని అడిగారు చాలామంది. వాళ్ల భయం అబద్ధం కాదు. ఏడాదిలో గని మా వైపు బాగా జరిగింది. ఇదివరకు సున్నం రాలే గోడల్లోంచి ఇప్పుడు పెచ్చులు రాలుతున్నాయి.

"పోయినసారి భయపడి బయటికొస్తిమి. ఏమైంది?" అనేది మల్లక్క. అంతకు మించి వాదించేది కాదు.

మొగుడే పోయాక ఆమెకు వంతెన ఎందుకని బజారులో కొందరన్నారు. ఆ మాట ఆమెదాకా వచ్చింది. "మమతకు నెల తప్పింది. శ్రావణంలనే కానుపు అంటున్నరు" అంది నాతో. అప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో సంతోషం లేదు, ఒట్టి భయమే ఉంది.

సభ పొద్దున్నే అన్నారు కదా. మేం పొద్దున్నే వెళ్లి కూర్చున్నాం. కమిషనరు ముందు ఇంకో రెండు వార్డుల సభలు ముగించుకుని వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పాపం, క్షమాపణ కూడా చెప్పాడు. ఈసారి బజారు వాళ్లు తోరణం చుట్టూ ఉద్యానవనం అడిగారు. మల్లక్క లేచి ఒక్కటే మాట అంది. "పోయినేడు అడిగిందే అడుగుతున్న సారూ."

కమిషనరు ఆమెను గుర్తుపట్టాడు. "వంతెన కావాలన్నవాళ్లు చేతులెత్తండి" అన్నాడు.

చేతులు లేచాయి. మమత ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని రెండోది ఎత్తింది. వీరేందర్, ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు, అందరూ ఎత్తారు. బజారు వైపు కూడా ఒకటి రెండు చేతులు లేచాయి. అప్పుడు సైరన్ మోగింది.

నా కాళ్లు లేవబోయాయి. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, రెండు చేతులతో బెంచీని పట్టుకోవాలనిపించింది, కానీ ఒక చెయ్యి పైన ఉంది. చుట్టూ బెంచీలన్నీ కిర్రుమన్నాయి. పిల్లలు తల్లుల కొంగులు గుంజుతూ, "అవ్వా, లెవ్వే, సైరనే" అని ఏడుపు మొదలుపెట్టారు. ఒక ముసలాయన సగం లేచాడు.

"కూసో కాకా" అంది మల్లక్క. అరవలేదు. "నాకు ఇయ్యాల ఇంట్ల లేపాల్సిన మనిషి లేడు. నేను కూసున్న. మీరు గూడ కూసోండ్రి."

ముసలాయన కూర్చున్నాడు. ఎవరూ లేవలేదు. కమిషనరు ఏమీ జరగనట్టే గుమాస్తా వైపు తిరిగి లెక్కపెట్టమన్నాడు. పోయినసారి ఏమీ కాలేదు కదా, ఆయనకు భయమెందుకు? గుమాస్తా వేలు చూపిస్తూ మొదటి వరుస మొదలుపెట్టాడు. కొమురెల్లి మాత్రం పైకప్పు వైపు చూస్తున్నాడు.

నేల అదిరింది. అంత గట్టిగా ఎప్పుడూ అదరలేదు. కిటికీ అద్దం పగిలింది. వేదిక మీద పెద్ద పెచ్చు ఊడి మైకు మీద పడింది. "సార్! లేవుండ్రి సార్, జల్ది!" అంటూ కొమురెల్లి కమిషనరు చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు. గుమాస్తా వేలు గాల్లోనే వదిలేసి పరుగెత్తాడు. బజారు వాళ్లు ఒకరి మీద ఒకరు పడుతూ గుమ్మంలోంచి తోసుకున్నారు. దుమ్ములో నాకు కాసేపు ఎవరూ కనబడలేదు. వీరేందర్ మమత మీదికి వంగి గొడుగులా నిలబడ్డాడు. అతని భుజం మీద చిన్న ముక్క పడి చొక్కా చిరిగింది. అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు, అదే నాకు నమ్మబుద్ధి కాలేదు.

దుమ్ము కొంచెం తగ్గాక కొమురెల్లి గుమ్మం బయట నుంచే కేకేశాడు. "సభ వాయిదా వడ్డది! హాలు మంచిగ లేదంటున్నడు సారు. అందరు బయటికి రాండ్రి!"

ఎవరూ కదల్లేదు.

"టీచరమ్మా, నువ్వన్న చెప్పు. మీద వడ్తది, రాండ్రి!" ఈసారి అతను అబద్ధం చెప్పడం లేదు, నాకు తెలుసు.

"లెక్కవెట్టినంకనే వస్తమని చెప్పు లిడియమ్మా" అంది మల్లక్క. జుట్టంతా సున్నంతో తెల్లబడింది. ఎత్తిన చెయ్యి కిందికి రాలేదు.

నేను గుమ్మం వైపు తిరిగి గట్టిగా ఆ మాటే అరిచాను. అంతా సర్దుకుందని చెప్పే రెండో సైరన్ మోగింది. బయట కమిషనరు కారు స్టార్టయి, వాగు వైపు వెళ్లిపోయిన చప్పుడు వినబడింది. లోపల మా చేతులు ఇంకా పైనే ఉన్నాయి.